రేవు దాటాక దొరకనివి

గోదావరి వశిష్ఠ పాయ మీది సఖినేటిపల్లి రేవులో పాటు మొదలైతే, అవతలి ఒడ్డుకు దాటించే పంటు ఎక్కడం ఒక పరీక్ష. పోటు మీద ఉన్నప్పుడు గట్టుకీ పంటు అంచుకీ మధ్య సమంగా ఉండే బల్ల, నీళ్లు వెనక్కి తీసేసరికి ఏటవాలుగా వాలిపోతుంది. దానికి తోడు బురద కాళ్ల జారుడు. మోటారు సైకిళ్లవాళ్లు ఒక్క ఊపున ఎక్కించేస్తారు. కుర్రాళ్లు గెంతేస్తారు. నర్సాపురంలో డాక్టరుకు చూపించుకోవడానికి బయల్దేరిన పెద్దావిడ మాత్రం బల్ల మొదట్లో ఆగిపోతుంది. అప్పుడు పంటు మీది కళాసీ ఒక వెదురు గెడ అందుకుని, ఒక కొస తన చంకలో బిగించి, రెండో కొస గట్టు మీదున్న ఎవరి చేతికో ఇస్తాడు. "పట్టుకుని వచ్చేయండి మామ్మగారూ, నేనున్నాగా" అంటాడు. ఆవిడ గెడ మీద చెయ్యి ఆనించి, నాలుగడుగులు వేసి, పంటులోకి వచ్చి ఊపిరి పీల్చుకుంటుంది.

ఆ గెడకు టిక్కెట్టులో లెక్క లేదు. కానీ నీటి మీది ప్రయాణంలో సుఖం గురించి మాట్లాడాలంటే దాని దగ్గరే మొదలుపెట్టాలి. గోదావరి డెల్టా జనం తరతరాలుగా పడవల మీద తిరిగారు. ఇప్పుడు విశాఖపట్నం వెళ్తే సముద్రం మీద విహార నౌక ఎక్కే వీలూ వచ్చింది. రెండింటి పరిమాణానికీ పోలికే లేదు. 2024లో ప్రయాణాలు మొదలుపెట్టిన 'ఐకాన్ ఆఫ్ ద సీస్' నౌక పొడవు 365 మీటర్లు, అంతస్తులు 20. పంటు అంటే రెండు పడవలు జతకట్టి పైన బల్లలు పరిచిన తేలే అరుగు. అయినా మనిషికి హాయి ఎక్కడ కలుగుతుందని చూస్తే రెండు చోట్లా కనబడేది ఒకటే. రేవు దాటాక ఏదీ తెచ్చుకోలేం. కొట్టుకు పరిగెత్తలేం, పక్కింట్లో అడగలేం, విసుగొస్తే దిగి వెళ్లిపోలేం. అందుకని దరి వదలకముందే ఎవరో ఒకరు మన అవసరాలు తలుచుకుని ఉండాలి. ఇంట్లో మన కంటికి ఆనని చిన్న వసతి నీటి మీద అంత తృప్తినివ్వడానికి కారణం ఈ భరోసాయే.

విశాఖకు 2022 జూన్‌లో కార్డెలియా సంస్థవారి 'ఎంప్రెస్' నౌక వచ్చినప్పుడూ, 2023 సెప్టెంబర్‌లో అక్కడి ఓడరేవులో క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైనప్పుడూ ఎక్కువగా వినిపించిన మాటలు ఈతకొలను, థియేటర్, రకరకాల భోజనశాలలు. ప్రకటనల్లో కనబడేవీ అవే. ఓడ ప్రయాణం చేసి వచ్చినవాళ్లను కదిపితే మాత్రం ఇంకో రకం ముచ్చట్లు బయటికొస్తాయి. "పెట్టె ఒక్కసారే విప్పాం" అనేది వాటిలో ముందుండే మాట. బస్సులో తీర్థయాత్రకు వెళ్లినవాళ్లకు ఆ మాట విలువ తెలుస్తుంది. రోజుకో ఊరు, ఊరికో లాడ్జి, తెల్లారకుండానే తడి బట్టలు కవర్లో కుక్కి మళ్లీ మూట కట్టడం. సగం అలసట తిరగడం వల్ల వచ్చేది కాదు, సర్దుకోవడం వల్ల వచ్చేది. ఓడలో ఊళ్లు మారుతుంటాయి, మంచం మారదు. దువ్వెన మొదటి రోజు ఎక్కడ పెట్టామో చివరి రోజు కూడా అక్కడే ఉంటుంది.

ఆ మంచం ఉన్న గదిని కాస్త దగ్గరగా చూడాలి. ఓడల్లో తక్కువ ధరకు వచ్చేది కిటికీ లేని లోపలి గది. మామూలుగా అది 150 చదరపు అడుగులకు అటూ ఇటూ ఉంటుంది. కోనసీమ పెంకుటింటి వసారా అయినా అంతకంటే విశాలంగా ఉంటుంది. అంత ఇరుకులో ఇద్దరు మనుషులు వారం రోజులు కీచులాడుకోకుండా గడపాలంటే ప్రతి అంగుళానికీ ఒక పని ఉండాలి. మంచం కొంచెం ఎత్తుగా ఉంటుంది, పెట్టెలు దాని కిందికి వెళ్లిపోతాయి. అరల ముందు అంచుకు వేలెడు ఎత్తున చిన్న కట్ట కట్టి ఉంటుంది, అల వచ్చి ఓడ ఒరిగినా కళ్లజోడు కిందపడదు. అల్మరా తలుపు గట్టిగా లాగితేనే వస్తుంది, దానంతటది తెరుచుకుని కొట్టుకోదు. స్నానాల గది గుమ్మం ఎత్తుగా ఉంటుంది, నీళ్లు ఇవతలికి రావు. వీటిలో ఏదీ ఫొటోలో పడదు.

ఇక ఓడ గదుల గోడలు చాలావరకు ఇనప రేకుతో చేసినవి. అది తెలిసినవాళ్లు ఇంటి దగ్గర్నుంచే నాలుగు అయస్కాంతం కొక్కేలు తీసుకెళ్తారు. తడి తువ్వాలు ఒకదానికి, టోపీ ఒకదానికి, మందుల సంచి ఒకదానికి. మేకు కొట్టడానికి వీల్లేని పరాయి గోడ మీద మన వస్తువు మనం తగిలించుకున్న చోట నిలిచిందంటే ఆ గది కాస్త మనదైపోతుంది. ఇంట్లో తలుపు వెనక చొక్కా తగిలించుకోవడం లాంటిదే. బాల్కనీ ఉన్న గది కోసం అదనంగా డబ్బు కట్టేవాళ్లు ముందు ఈ కొక్కేల సంగతి తెలుసుకోవడం మంచిది.

నడవాల గోడలకు పొడుగునా చేతిపట్టీలు ఉంటాయి. చాలా నౌకల్లో లిఫ్టు నేల మీద పరిచే పట్టా రోజూ మారుస్తారు, దాని మీద ఆ రోజు పేరు రాసి ఉంటుంది. సోమవారమో గురువారమో తెలియకుండా గడిచే సముద్రపు రోజుల్లో ఆ ఒక్క మాట మనిషిని లోకానికి కట్టి ఉంచుతుంది.

వేలెడు కట్ట ఉన్న ఆ అరను చూస్తే డెల్టాలో పాతతరంవాళ్లకు గుర్తొచ్చేది మరచెంబు. ఇత్తడి చెంబు, మర తిప్పి బిగించే మూత, పట్టుకోవడానికి పైన కాడ. బిగించాక పక్కకు దొర్లినా చుక్క కారదు. ఇంట్లో మామూలు చెంబు చాలు, ప్రయాణానికే మరచెంబు కావాలి. ఒక్క మరతో కదిలే నేలకు జవాబు చెప్పిన వస్తువు అది. మన దగ్గర పడవ ప్రయాణం గురించి ఎంత లోతుగా ఆలోచించారో ఆ మూత చెబుతుంది.

ఆ చెంబు పట్టుకుని జనం తిరిగిన దారులు కాలవలు. ధవళేశ్వరం దగ్గర ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆనకట్ట డెల్టాకు సాగునీరు ఇచ్చిందని అందరికీ తెలుసు. ఆ కాలవలు పడవలకు రోడ్లుగానూ పనికొచ్చాయి. ధాన్యం, కొబ్బరి, కలప, మనుషులు అన్నీ వాటి మీదే సాగాయి. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గట్టు మీద నడుస్తూ తాడు కట్టి లాగే మనుషులు. నీటిమట్టం మారే చోట లాకులు. పడవ లోపలికి వచ్చాక తలుపులు మూసి, నీళ్లు ఎక్కించో దించో, రెండో వైపు తలుపులు తీసేవారు. తొందరపడితే అయ్యే పని కాదది. ప్రయాణికులకు మాత్రం కాళ్లు చాపుకోవడానికి, గట్టు దిగి నాలుగడుగులు వేయడానికి, ముఖం కడుక్కోవడానికి దొరికిన సమయం. ఇప్పటి విహార నౌకలు ఊరూరా రేవులో ఆగి మనుషుల్ని దింపి ఎక్కించుకోవడంలోనూ ఈ సుఖమే ఉంది. ఎంత మంచి పడవైనా మధ్యలో ఒకసారి కదలని నేల మీద కాలు పెట్టాలనిపిస్తుంది.

భోజనం సంగతీ అంతే. పడవ ప్రయాణానికి పులిహోర కట్టడం ఆచారం కోసం మాత్రమే కాదు. చింతపండు పులుపు, నూనె, పసుపు, ఉప్పు కలిసి అన్నాన్ని పూటంతా పాడవకుండా కాస్తాయి. చారు ఒలకడం, కూర కారడం వంటి బాధ లేదు. పెరుగన్నం పులిసిపోతుంది కాబట్టి ముందు అది తిని పులిహోర తర్వాతి పూటకు దాచుకునేవారు. అంబాజీపేట పొట్టిక్కలు కూడా ఇలాగే ఆలోచించాల్సిన వస్తువు. పనసాకులతో బుట్ట కుట్టి అందులో పిండి పోసి ఆవిరి మీద ఉడికించిన ఇడ్లీ. గిన్నె, మూత, పళ్లెం అన్నీ ఆ ఆకులే. తిన్నాక నీళ్లలో పడినా చేపలకు హాని లేదు. పర్యాటక బోట్లలో థర్మోకోల్ పళ్లేలు, ప్లాస్టిక్ గ్లాసులు వాడి గోదాట్లో పారేస్తున్న చోట పొట్టిక్కలు వడ్డించాలని ఎవరికీ తట్టకపోవడం బాధాకరం.

ఓడ ఊగడం గురించి ఒక మాట. కావడి మోసేవాడి భుజం మీద బద్ద మధ్య భాగం నిలకడగా ఉంటుంది, రెండు కొసలూ ఊగుతాయి. ఓడ కూడా అంతే. కింది అంతస్తుల్లో, నడిమధ్యన ఉన్న గదిలో కుదుపు తక్కువ; ముక్కు దగ్గరా తోక దగ్గరా ఎక్కువ. పెద్ద నౌకలకు నీటి అడుగున రెండు వైపులా రెక్కల్లాంటివి ఉంటాయి, పక్కలకు ఒరగడాన్ని అవి చాలావరకు తగ్గిస్తాయి. అయినా కడుపులో తిప్పుతుంటే గదిలోంచి బయటికొచ్చి దూరంగా నీళ్లూ ఆకాశమూ కలిసే గీత మీద చూపు నిలపాలి. చెవి లోపలి భాగం కదులుతున్నామని చెబుతుంటే కళ్లు కదలడం లేదని చెప్పడం వల్ల వచ్చే తిప్పుడు అది. గీతను చూస్తే రెండూ ఒకే మాట మీదికి వస్తాయి. మన ఇళ్లలో అల్లం ముక్క నోట్లో పెట్టుకునే అలవాటూ మంచిదే. గోదావరి పాయల్లో ఇంత అవస్థ ఉండదు. అంతర్వేది దగ్గర వశిష్ఠ సముద్రంలో కలిసేచోట మాత్రం నది కూడా కాసేపు సముద్రంలా ప్రవర్తిస్తుంది.

ఇప్పుడు మన బోట్ల దగ్గరికి వద్దాం. దిండి రేవులో కేరళ తరహా హౌస్‌బోట్లు వచ్చాక, కొబ్బరితోటల మధ్య వశిష్ఠ మీద రాత్రి గడపాలనే కోరిక చాలామందికి కలిగింది. ఆ కోరిక న్యాయమైనది. సాయంత్రం ఇంజిన్ ఆపేశాక పడవ కింద నీళ్లు తట్టే చప్పుడు, ఒడ్డున ఎవరో ఎవరినో కేకేయడం, చిన్చినాడ వంతెన మీద లారీ వెళ్తే వచ్చే సన్నటి హోరు, ఇవి మరెక్కడా దొరకవు. వీటిని వినాలంటే నిశ్శబ్దం కావాలి. అలాంటి చోట ఏసీ కోసం రాత్రంతా జనరేటర్ మోగితే ప్రయాణికుడు గదిలో చల్లదనం కొనుక్కుని నదిని పోగొట్టుకుంటాడు. డెల్టాలో రాత్రిపూట గాలికి కొదవ ఉండదు, దోమలకూ ఉండదు. చిరుగు లేని దోమతెర, కిటికీకి సన్నటి జాలీ, ఒక చిన్న ఫ్యాను ఉంటే ఏడాదిలో చాలా రాత్రులు ఏసీ అవసరమే రాదు. హౌస్‌బోటు ఎలా ఉండాలనే నిర్ణయాల్లో దోమతెరను ముందు వరసలో పెట్టాలి.

పగటి విహార బోట్లలో ఉన్న సమస్య సౌండు బాక్సులు. ఎక్కిన దగ్గర్నుంచి దిగేదాకా పాటలు, మైకు. పిల్లలు ఆడతారు, పాడతారు, అది సంతోషమే. అయితే ఆ బోటులోనే మోకాళ్ల నొప్పులతో వచ్చిన తాతగారూ, పాపను నిద్రపుచ్చుతున్న తల్లీ ఉంటారు. పెద్ద నౌకల్లో హోరెత్తే చోటు ఒకటి ఉంటే, నోరెత్తకుండా పుస్తకం పట్టుకుని కూర్చునే చోటు మరొకటి ఉంటుంది. మన బోటు చిన్నది కాబట్టి రెండు చోట్లు కుదరకపోవచ్చు, రెండు వేళలు కుదురుతాయి. భోజనం అయ్యాక ఒక గంట మైకు ఆపేస్తే చాలు.

మరుగుదొడ్డి గురించి మాట్లాడటానికి మన వ్యాసాలు మొహమాటపడతాయి. పడవలో ఆడవాళ్లు ఎంత సుఖంగా ఉన్నారో తేల్చేది అదే. తలుపుకు లోపల గడియ పడుతుందా, కొక్కెం ఉందా, మగ్గులో నీళ్లున్నాయా అన్నది ముందే తెలియక, పొద్దుట్నుంచి నీళ్లు తాగకుండా వచ్చే ఆడవాళ్లు ఎందరో. ఎండలో నాలుగైదు గంటలు నీళ్లు తాగకపోతే తలనొప్పి రాక మానదు. ఆ తలనొప్పితో చూసిన కొండలూ పాయలూ ఏం గుర్తుంటాయి? ఒక గడియ, ఒక కొక్కెం, ఒక బకెట్ నీళ్లు, అది చూసుకోవడానికి ఒక మనిషి. ఇంతకు మించి ఖర్చు లేదు.

లైఫ్ జాకెట్ మాట ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే దాన్ని భద్రత ఖాతాలో వేసి సుఖం ఖాతాలోంచి తీసేయడం వల్ల నష్టం జరుగుతోంది. 2019 సెప్టెంబర్ 15న డెల్టాకు ఎగువన కచ్చులూరు దగ్గర పర్యాటక బోటు మునిగి ఎన్నో కుటుంబాలు కుంగిపోయాయి. నది ఆ రోజు వరద మీద ఉంది. అప్పట్నుంచి జాకెట్ వేసుకోండని చెప్పడం పెరిగింది. మనిషి దాన్ని ఎందుకు విప్పేస్తాడో కూడా చూడాలి. గోదావరి జిల్లాల ఉక్కపోతలో మందపాటి నారింజ రంగు జాకెట్, అంతకు ముందు వేసుకున్నవాళ్ల చెమట వాసన, తెగిపోయిన బకిల్, సన్నటి మనిషికి వదులు, లావుపాటి మనిషికి బిగుతు. పది నిమిషాలు భరిస్తారు, ఫొటో దిగి పక్కన పెట్టేస్తారు. వాడిన ప్రతిసారీ ఉతికి ఆరబెట్టి, పిల్లలకూ పెద్దలకూ కొలతలు వేరుచేసి, బకిళ్లు సరిచూసి ఇస్తే ఒంటి మీద ఉంటుంది. ఒంటి మీద ఉంటేనే కాపాడుతుంది. అందుకే నీటి మీద సౌకర్యాన్నీ భద్రతనూ విడదీసి లెక్క వేయకూడదు.

సముద్ర నౌకలు ఈ పాఠం పెద్ద మూల్యం చెల్లించి నేర్చుకున్నాయి. 1912లో టైటానిక్ మునిగాక 1914లో సముద్ర భద్రతపై మొదటి అంతర్జాతీయ ఒప్పందం వచ్చింది. 2012 జనవరిలో ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా ఒరిగిపోయి 32 మంది చనిపోయారు. ఆ రోజే ఎక్కిన చాలామందికి ఆపదలో ఎక్కడ గుమిగూడాలో చూపించే కసరత్తు అప్పటికి జరగనే లేదు. 2015 నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం నౌక బయల్దేరకముందో, బయల్దేరిన వెంటనేనో అది జరిగి తీరాలి. కసరత్తు విసుగ్గానే ఉంటుంది. కానీ ఏ మెట్లు ఎక్కాలో తెలిసి పడుకున్న రాత్రి నిద్ర వేరు.

గోదావరిలో ఆ నిద్రకు ఇంకో రూపం ఉంది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరేస్తారు. వరద రోజుల్లో పంట్లు ఆగిపోతాయి, విహార బోట్లు ఆగిపోతాయి. ఆపడం సరైనదే. ఆ సంగతి రేవుకు వచ్చాక తెలియడం వేరు, ఇంటి దగ్గర ఉండగానే తెలియడం వేరు. పిల్లల్ని వెంటేసుకుని అమలాపురం నుంచి బయల్దేరబోతున్నవాళ్లకు "ఇవాళ బోటు లేదండీ" అన్న మాట తెల్లవారుజామునే ఫోన్‌లో అందితే అదీ ఒక సౌకర్యమే. నది మధ్యనున్న లంక గ్రామాలవాళ్లకైతే ఇది విహారం మాట కాదు, పాలు, మందులు, పురిటి నొప్పుల మాట. వాళ్ల నాటు పడవలో మీద పడే వానకు ఒక టార్పాలిన్, కూర్చోవడానికి పొడి చెక్క ఉండటాన్ని సుఖం అనడానికి కూడా నోరు రాదు, కానీ వాళ్లు అడిగేది అంతే.

ఇన్ని వసతుల వెనకా చేతులున్నాయి. ఓడలో పొద్దున్నే పక్క సర్ది, తువ్వాలును ఏనుగులా మడిచి మంచం మీద పెట్టే మనిషి, తాను మాత్రం కింది అంతస్తుల్లో మరొకరితో పంచుకునే చిన్న గదిలో పడుకుంటాడు. నెలల తరబడి ఇంటికి దూరంగా ఉంటాడు. అలాంటి ఉద్యోగాల్లో మన దేశంవాళ్లు చాలామంది ఉన్నారు. మన లాంచీలోనూ అంతే. సరంగుకు నీడ ఉందో లేదో, ఇంజిన్ వేడి పక్కన నిలబడి టీ కాచే కుర్రాడికి ఫ్యాను ఉందో లేదో ప్రయాణికుడు చూడడు. చూడాలి. అలసిపోయిన సరంగు చేతిలో చుక్కాని ఉంటే ఎక్కినవాళ్లెవరికీ హాయి ఉండదు. టిక్కెట్టు ధర గురించి బేరమాడేటప్పుడు ఆ కుర్రాడి పూట కూలీ కూడా అందులోనే ఉందని గుర్తుంచుకోవాలి.

పెద్ద నౌకల నుంచి డెల్టా తెచ్చుకోదగినదేమిటి అంటే ఈతకొలను కాదు, నౌకకూ రేవుకూ మధ్య వేసే నిచ్చెన దారి. దాని కింది కొసకు చక్రాలుంటాయి. పోటుకు ఓడ లేచినా, పాటుకు దిగినా ఆ చక్రాలు రేవు నేల మీద ముందుకూ వెనక్కీ దొర్లుతాయి, దారి విరగదు. రెండు వైపులా నడుమెత్తు చేతిపట్టీలు, కాలు జారకుండా అడ్డంగా బద్దలు. వాలు మరీ ఎక్కువైతే సరిచేయడానికి అక్కడ ఒక మనిషి కాపలా ఉంటాడు. సఖినేటిపల్లిలోనూ, అవతల కోటిపల్లి, ముక్తేశ్వరం రేవుల్లోనూ ఇది చేయడానికి కావలసినవి రెండు ఇనప గొట్టాలు, రెండు చక్రాలు, బల్ల మీద కొట్టడానికి పది కొబ్బరి బద్దలు, ఏ ఊళ్లోనైనా దొరికే ఒక వెల్డింగు మనిషి. అది వచ్చేదాకా కళాసీ చంకలో ఆ వెదురు గెడ ఉండనే ఉంటుంది.